కొత్త కార్డు, పాత విండోస్: డ్రైవర్ ఎక్కడ ఆగింది?

అందరికీ నమస్కారం. వెనక వరసలో ఉన్నవాళ్లకు స్క్రీన్ కనిపిస్తోందా? అక్షరాలు చిన్నగా ఉంటే చెయ్యెత్తండి, పెంచుతాను. ఇవాళ పాత విండోస్‌లో కొత్త గ్రాఫిక్స్ కార్డును ఎలా పనిచేయించాలో చూస్తూ, కొన్ని ఫైళ్లు తెరిచి లోపల ఉన్న లైన్లు చదువుకుంటూ పోతాం. అవి కనపడకపోతే ఈ ప్రసంగంతో పని లేదు.

ముందు ఈ ఫొటో చూడండి. విండోస్ 7 డెస్క్‌టాప్. రీసైకిల్ బిన్ బొమ్మ ఎలా ఉంది? అడ్డంగా సాగదీసినట్టు ఉంది కదా. గడియారం అంకెలు లావుగా, మసగ్గా ఉన్నాయి. మానిటర్ 1920 బై 1080ది, విండోస్ మాత్రం 1024 బై 768 దగ్గర ఆగిపోయింది. ఫొటోలో తెలియదు గానీ, ఒక విండోను మౌస్‌తో పట్టుకుని లాగితే అది చారలు చారలుగా, ఈడ్చుకుంటూ వస్తుంది. డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్స్ కింద ఏముంది? స్టాండర్డ్ వీజీఏ గ్రాఫిక్స్ అడాప్టర్. అంటే విండోస్ మనతో ఏమంటోంది? "ఇక్కడ ఏదో కార్డు ఉంది, అదేంటో నాకు తెలియదు, అన్ని కార్డులకూ వచ్చే కనీసపు భాషలో మాట్లాడుతున్నాను" అంటోంది.

ఇక్కడ కూర్చున్నవాళ్లలో ఎంతమందికి ఈ దృశ్యం తెలుసు? చాలా చేతులే లేచాయి. సరే.

ఈ మాట ఎత్తగానే బయట అందరూ అడిగే ప్రశ్న ఒకటుంది. ఇంకా విండోస్ 7 ఎందుకండీ, కొత్తది వేసుకోవచ్చు కదా అని. 2020 జనవరి 14తో దానికి మామూలు సపోర్ట్ అయిపోయింది, నిజమే. ఎక్స్‌పీకైతే 2014 ఏప్రిల్ 8నే అయిపోయింది. అయినా ఎందుకు ఉంచుకుంటారు? సరదాకి కాదు. ఒక యంత్రాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ ఆ విండోస్ మీదే పనిచేస్తుంది. ఆ సాఫ్ట్‌వేర్ రాసిన కంపెనీ ఇప్పుడు లేదు, లేదా ఉన్నా ఆ మోడల్ సంగతి పట్టించుకోదు. యంత్రం మాత్రం నిక్షేపంగా ఉంది. కంప్యూటర్ కాలిపోయిందని యంత్రాన్నే పారేస్తారా? పారేయకూడదు, పారేయనక్కర్లేదు. ఆ పని చేసేవాళ్లకు అండగా ఉండాలనే నేను ఈ విషయం ఎంచుకున్నాను.

ఒక ల్యాబ్ సంగతి చెబుతాను. అక్కడ ఒక మైక్రోస్కోప్, దాని మీద కెమెరా, ఆ కెమెరా బొమ్మను పట్టుకునే క్యాప్చర్ కార్డు కంప్యూటర్‌లో ఉన్నాయి. ఆ క్యాప్చర్ కార్డుకు ఉన్న చివరి డ్రైవర్ విండోస్ 7, 64 బిట్‌ది. ఒకరోజు పవర్ సప్లై కాలిపోయింది, దాంతోపాటు బోర్డూ డిస్కూ పోయాయి. వాళ్లు తెచ్చిన కొత్త సామాను ఇదీ: ఇంటెల్ 9వ తరం బోర్డు, లోపల గ్రాఫిక్స్ లేని ఎఫ్ రకం ప్రాసెసర్, జీటీఎక్స్ 1650 కార్డు. విండోస్ 7 డీవీడీ ఒకటి బీరువాలో భద్రంగా ఉంది, సర్వీస్ ప్యాక్ 1తో వచ్చినది. సిస్టమ్ ఎక్కించారు. ఇందాక చూసిన ఫొటో ఆ మెషీన్‌దే.

ఆ కార్డు చిప్ చేసిన ఎన్‌విడియా సైట్ నుంచి విండోస్ 7 డ్రైవర్ దించాను. 472.12 వెర్షన్, 2021 సెప్టెంబర్‌లో వచ్చింది. ఇన్‌స్టాల్ చేశాను. మెషీన్ మళ్లీ మొదలైంది. రీసైకిల్ బిన్ సాగదీసినట్టే ఉంది. డివైస్ మేనేజర్‌లో ఇప్పుడు కార్డు పేరైతే వచ్చింది, జీటీఎక్స్ 1650 అని, కానీ పక్కన పసుపు త్రికోణం. అప్పుడు నేను చేసిన తప్పు ఏమిటో తర్వాత చెబుతాను. దానివల్ల రెండు రాత్రులు పోయాయి. ముందు డ్రైవర్ అంటే ఏమిటో కాస్త చూద్దాం, అప్పుడు ఆ తప్పు మీకే కనిపిస్తుంది.

డ్రైవర్ అనగానే చాలామంది కార్డుకు సంబంధించిన ఒక ఫైల్ అనుకుంటారు. కార్డుతో పాటు వస్తుంది కాబట్టి అలా అనిపిస్తుంది. కానీ దానికి రెండు ముఖాలు ఉంటాయి. ఒక ముఖం చిప్ వైపు. ఏ రిజిస్టర్‌లో ఏం రాస్తే ఏం జరుగుతుంది, మెమరీని ఎలా లేపాలి, ఫర్మ్‌వేర్‌ను, అంటే చిప్ లోపల నడిచే చిన్న ప్రోగ్రామ్‌ను, ఎలా ఎక్కించాలి, ఇవన్నీ అక్కడ ఉంటాయి. రెండో ముఖం ఆపరేటింగ్ సిస్టమ్ వైపు. విండోస్ ఏ పద్ధతిలో అడుగుతుందో ఆ పద్ధతిలో జవాబు చెప్పాలి. చిప్ మారితే మొదటి ముఖం మారాలి, విండోస్ మారితే రెండోది మారాలి. పాత విండోస్, కొత్త కార్డు అంటే, కొత్త చిప్ తెలిసి, పాత విండోస్ మాట కూడా తెలిసిన డ్రైవర్ కావాలి. అలాంటిది ఎవరైనా రాశారా లేదా? మొత్తం పని ఈ ఒక్క ప్రశ్న మీద ఆధారపడి ఉంది.

రాసి ఉంటే, మిగిలిన చిక్కులన్నీ విప్పుకోవచ్చు. రాయకపోతే, ఎంత తంటాలు పడ్డా రాదు. ఈ రెండిటినీ మొదటి పది నిమిషాల్లో వేరు చేసుకోవాలి. దయచేసి ఇది గుర్తుపెట్టుకోండి, మొదటి పది నిమిషాల్లో.

ఎలా? ఇప్పుడు ఆ మెషీన్ డివైస్ మేనేజర్‌లోకి వెళదాం. కార్డు మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, డీటెయిల్స్ ట్యాబ్, అక్కడి జాబితాలో హార్డ్‌వేర్ ఐడీస్. డ్రైవర్ లేకపోయినా ఇది కనిపిస్తుంది, స్టాండర్డ్ వీజీఏ అని ఉన్నా సరే కనిపిస్తుంది. ఎందుకంటే ఇది డ్రైవర్ చెప్పేది కాదు, కార్డే చెప్పేది. పీసీఐ, వెన్ 10డీఈ, డెవ్ 1ఎఫ్82, ఆ తర్వాత సబ్‌సిస్ అని ఇంకో పెద్ద అంకె. వెన్ అంటే తయారీదారు. 10డీఈ ఎన్‌విడియా, 1002 ఏఎండీ, 8086 ఇంటెల్. డెవ్ అంటే చిప్. సబ్‌సిస్ అంటే ఆ చిప్‌తో బోర్డు చేసినవాళ్లెవరు, ఏ మోడల్ అని. కార్డు మీద అంటించిన స్టిక్కర్ కన్నా, డబ్బా మీద పేరు కన్నా ఈ లైన్‌ను నమ్మండి. ఒకే పేరుతో రెండు రకాల చిప్‌లు అమ్మిన సందర్భాలు ఉన్నాయి. ఈ లైన్ అబద్ధం చెప్పదని అనను, నకిలీ కార్డుల్లో బయోస్‌ను, అంటే కార్డు లోపలే ఉండే ప్రోగ్రామ్‌ను, మార్చి పెడతారు. కానీ మామూలు కార్డులో ఇదే సాక్ష్యం.

ఇప్పుడు డ్రైవర్ ప్యాకేజీ. సెటప్‌ను డబుల్ క్లిక్ చేయకండి. సెవెన్‌జిప్‌తో విప్పండి. లోపల డిస్‌ప్లే.డ్రైవర్ అనే ఫోల్డర్ ఉంటుంది, అందులో ఐఎన్‌ఎఫ్ ఫైళ్లు. నోట్‌ప్యాడ్‌లో తెరవచ్చు, మామూలు అక్షరాలే. కంట్రోల్ ఎఫ్ కొట్టి 1ఎఫ్82 వెతకండి. ఇదిగో, ఈ లైన్ చూడండి. ఎడమ పక్క కార్డు పేరుకు ఒక గుర్తు, మధ్యలో సెక్షన్ అని ఒక నంబర్, కుడి పక్క మనం ఇప్పుడే చదివిన పీసీఐ లైన్. అంటే "ఈ ఐడీ కనిపిస్తే, ఆ సెక్షన్‌లో చెప్పినట్టు ఇన్‌స్టాల్ చెయ్యి" అని విండోస్‌కు చెప్పే మాట. ఈ లైన్ ఉన్న భాగం పైన ఇంకో గుర్తు ఉంటుంది చూడండి, ఎన్‌టీఏఎండీ64.6.1 అని. ఏఎండీ64 అంటే ఏఎండీ ప్రాసెసర్ అని కాదు, 64 బిట్ విండోస్ అని. ఇంటెల్ అయినా అదే ఉంటుంది. 6.1 అంటే విండోస్ 7 అసలు వెర్షన్ నంబర్. ఎక్స్‌పీ 5.1, విస్టా 6.0, విండోస్ 10కి 10.0. కాబట్టి మనం రెండు విషయాలు చూస్తాం: మన చిప్ ఐడీ ఉందా, అది 6.1 కిందకు వచ్చే భాగంలో ఉందా.

ఐఎన్‌ఎఫ్‌ను నేను హాజరుపట్టీ అంటాను. పట్టీలో పేరుంటేనే విండోస్ ఆ డ్రైవర్‌ను ఆ కార్డుకు ఇస్తుంది. పేరు లేకపోతే? "మీ హార్డ్‌వేర్‌కు సరిపడే డ్రైవర్ కనపడలేదు" అంటుంది. ల్యాప్‌టాప్ వాళ్లకు ఈ మాట బాగా పరిచయం, ఎందుకంటే ల్యాప్‌టాప్ చిప్‌లు చాలావాటికి పట్టీలో సబ్‌సిస్‌తో సహా పేరుండాలి, మీ తయారీదారు మోడల్ ఎక్కకపోతే అంతే.

మరి మనమే పేరు రాసేస్తే? నోట్‌ప్యాడే కదా? రాయవచ్చు. చాలామంది రాశారు, కొన్నిచోట్ల బ్రహ్మాండంగా పనిచేసింది కూడా. ఇంటెల్ 6వ తరం స్కైలేక్‌లో ఉండే హెచ్‌డీ 530కి విండోస్ 7 డ్రైవర్ ఉంది. 7వ తరం కేబీలేక్ హెచ్‌డీ 630కి ఇంటెల్ ఇవ్వలేదు. కానీ ఆ రెండు గ్రాఫిక్స్ ఇంజిన్లు దగ్గరి చుట్టాలు, ముఖ్యంగా బొమ్మ గీసే భాగం. హెచ్‌డీ 530 ఐడీ 1912 ఉన్న లైన్‌కు జతగా, హెచ్‌డీ 630 ఐడీ 5912తో ఇంకో లైన్ రాసి, కేబీలేక్ మీద విండోస్ 7ను పూర్తి రిజల్యూషన్‌లో నడిపినవాళ్లు చాలామంది ఉన్నారు. డ్రైవర్‌కు ఆ చిప్ నడిపే విద్య ముందే ఉంది, పట్టీలో పేరు మాత్రమే లేదు.

ఇప్పుడు ఇదే పని ఆర్‌టీఎక్స్ 4000 వరస కార్డుతో చేస్తే? ఆ కార్డులు 2022 అక్టోబర్ నుంచి వచ్చాయి. విండోస్ 7కి ఎన్‌విడియా చివరి పూర్తి స్థాయి డ్రైవర్ 2021 సెప్టెంబర్‌ది. ఆ తర్వాత 2024 వరకూ సెక్యూరిటీ సవరణలే ఇచ్చారు, కొత్త చిప్‌లు కలపలేదు. పట్టీలో పేరు రాయండి, విండోస్ సంతోషంగా ఇన్‌స్టాల్ చేస్తుంది, పేరు కూడా చూపిస్తుంది. కానీ పరికరం మొదలు కాదు. హాజరుపట్టీలో పేరు రాసినంత మాత్రాన పాఠం వచ్చినట్టు కాదు కదా. ఆ చిప్‌ను ఎలా లేపాలో ఆ డ్రైవర్‌లో ఒక్క అక్షరం కూడా లేదు.

అప్పుడు కొందరు ఇంకో దారి పడతారు. విండోస్ 10 డ్రైవర్ తీసుకుందాం, దానికి కొత్త చిప్ తెలుసు కదా, 10.0 అని ఉన్నచోట 6.1 అని మారుద్దాం అని. ఇది ఎందుకు కుదరదో అర్థం కావాలంటే రెండో ముఖం గుర్తు తెచ్చుకోండి. విండోస్‌కు గ్రాఫిక్స్ డ్రైవర్‌తో మాట్లాడే పద్ధతి ఒకటుంది, దాన్ని డబ్ల్యూడీడీఎం అంటారు. విస్టాతో 1.0 వచ్చింది, విండోస్ 7తో 1.1, విండోస్ 8తో 1.2, 8.1తో 1.3, 2015లో విండోస్ 10తో 2.0. 2.0లో మార్పు చిన్నది కాదు. ప్రతి ప్రోగ్రామ్‌కూ గ్రాఫిక్స్ మెమరీలో తనదైన వర్చువల్ చిరునామాలు ఇచ్చే ఏర్పాటు అప్పుడే వచ్చింది. దాన్ని నమ్ముకుని రాసిన డ్రైవర్ విండోస్ కెర్నల్‌ను, అంటే సిస్టమ్ నడిబొడ్డున ఉండే భాగాన్ని, కొన్ని ఫంక్షన్లు అడుగుతుంది. విండోస్ 7 కెర్నల్‌లో అవి లేవు. లేనివి ఎక్కడినుంచి ఇస్తుంది? ఐఎన్‌ఎఫ్‌లో అంకె మారిస్తే ఇన్‌స్టాలర్ ఒప్పుకుంటుంది, కెర్నల్ ఒప్పుకోదు.

ఎక్స్‌పీకి, విస్టాకి మధ్య గోడ ఇంకా ఎత్తు. ఎక్స్‌పీది డబ్ల్యూడీడీఎం కన్నా ముందరి పద్ధతి, పూర్తిగా వేరు. ఎక్స్‌పీ పద్ధతి డ్రైవర్‌ను విండోస్ 7 దాకా సహించారు, ఏరో అనే పారదర్శక విండోల హంగులు లేకుండా. కానీ డబ్ల్యూడీడీఎం డ్రైవర్‌ను ఎక్స్‌పీ మీద ఎక్కించడం అనేది లేదు.

సరే, ఆ ల్యాబ్ దగ్గరకు మళ్లీ వెళదాం. మీరిప్పుడు నాకన్నా ముందే పట్టేస్తారు. కార్డు 1ఎఫ్82. డ్రైవర్ 472.12. ఐఎన్‌ఎఫ్‌లో 1ఎఫ్82 ఉందా? ఉంది. 6.1 కింద ఉందా? ఉంది. మరి నేను రెండు రాత్రులు ఏం చేశాను? ఐఎన్‌ఎఫ్‌ను దిద్దుతూ కూర్చున్నాను. పేరు మార్చి, సబ్‌సిస్ చేర్చి, పాత వెర్షన్లు తెచ్చి. అంతకుముందు ఇంకెక్కడో ఐఎన్‌ఎఫ్ దిద్దితే పని జరిగింది కాబట్టి ఇక్కడా అదే అనుకున్నాను. పసుపు త్రికోణం మీద డబుల్ క్లిక్ చేస్తే వచ్చే వాక్యాన్ని సరిగా చదవలేదు. అందులో కోడ్ 52 అని ఉంది. "ఈ పరికరానికి కావలసిన డ్రైవర్ల డిజిటల్ సంతకాన్ని విండోస్ సరిచూడలేకపోతోంది" అని చాలా స్పష్టంగా ఉంది. అంతసేపూ ఆ మాట నా కళ్లెదుటే ఉంది. మూడో రోజు ఉదయం ల్యాబ్‌లో పనిచేసే ఒకామె అడిగారు, "ఏమండీ, సంతకం అంటోంది కదా, ఎవరి సంతకం?" అని. అప్పుడు చదివాను.

సంతకం సంగతి ఏమిటంటే, 64 బిట్ విండోస్ 7 కెర్నల్‌లోకి వెళ్లే ప్రతి డ్రైవర్‌కూ తయారీదారు డిజిటల్ సంతకం ఉండాలి. ఆ సంతకం వేసే గణితం పాతది ఒకటి, ఎస్‌హెచ్‌ఏ 1. అది బలహీనమని తేలాక పరిశ్రమ అంతా ఎస్‌హెచ్‌ఏ 2కి మారింది. సర్వీస్ ప్యాక్ 1 డీవీడీ నుంచి అప్పుడే ఎక్కించిన విండోస్ 7కి ఎస్‌హెచ్‌ఏ 2 సంతకాన్ని పూర్తిగా సరిచూడటం రాదు. కొత్త డ్రైవర్ మీద నిజమైన సంతకమే ఉంది, చదివేవాళ్లకు ఆ లిపి రాదు. ఇక్కడ డ్రైవర్ తప్పేమైనా ఉందా? లేదు. కార్డు తప్పు? లేదు. ఐఎన్‌ఎఫ్ తప్పు? అసలే లేదు.

మందు రెండు అప్‌డేట్లు. ముందు కేబీ4490628, తర్వాత కేబీ4474419. ఈ వరసలోనే. మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ కేటలాగ్ నుంచి వేరే కంప్యూటర్‌లో దించుకుని పెన్ డ్రైవ్‌లో తీసుకెళ్లాలి, ఎందుకంటే తాజా విండోస్ 7లో విండోస్ అప్‌డేట్ కూడా ఇదే కారణంగా పనిచేయదు. వేశాం, రీస్టార్ట్ చేశాం, మార్చని ఒరిజినల్ 472.12ను మళ్లీ ఎక్కించాం. స్క్రీన్ ఒక్కసారి నల్లబడింది. అది వెలిగేసరికి రీసైకిల్ బిన్ గుండ్రంగా, పొందిగ్గా ఉంది. మైక్రోస్కోప్ కింద స్లైడ్ పెట్టారు. అప్పటికి నాలుగు రోజులుగా ఆగిన పని.

ఇప్పుడు ఐఎన్‌ఎఫ్ నిజంగానే దిద్దాల్సిన సందర్భంలో సంతకం ఏమవుతుందో కూడా చెప్పాలి. ప్యాకేజీలో క్యాట్ అనే ఫైల్ ఉంటుంది, అందులో ప్రతి ఫైల్ వేలిముద్ర ఉంటుంది. ఐఎన్‌ఎఫ్‌లో ఒక్క కామా మార్చినా వేలిముద్ర కుదరదు. విండోస్ 7 ఎర్రని హెచ్చరిక చూపించి "అయినా సరే ఇన్‌స్టాల్ చెయ్యాలా" అని అడుగుతుంది. విండోస్ 8 నుంచి అది కూడా అడగదు, కుదరదంటుంది. విండోస్ 7లో సరేనన్నాక అసలు కెర్నల్ ఫైల్‌కు, ఆ డాట్ సిస్ ఫైల్‌కు, సొంతంగా లోపల సంతకం ఉంటే అది లోడ్ అవుతుంది. మనం దాన్ని ముట్టుకోలేదు కదా. సంతకం క్యాట్‌లో మాత్రమే ఉంటే మళ్లీ కోడ్ 52. అప్పుడు మొదలయ్యేటప్పుడు ఎఫ్8 నొక్కి, సంతకం తనిఖీ ఆపమనవచ్చు. కానీ అది ఆ ఒక్కసారికే. శాశ్వతంగా కావాలంటే బీసీడీఎడిట్ అనే కమాండ్‌తో టెస్ట్ మోడ్ పెట్టి, డ్రైవర్‌కు మన టెస్ట్ సంతకం వేసుకోవాలి, డెస్క్‌టాప్ మూలన టెస్ట్ మోడ్ అని అక్షరాలు పడతాయి. టెస్ట్ మోడ్‌లో ఎవరి టెస్ట్ సంతకంతోనైనా డ్రైవర్ లోపలికి రావచ్చు. అందుకే నేను దాన్ని చివరి దారిగానే చూస్తాను, అదీ నెట్‌వర్క్‌కు తగిలించని మెషీన్‌లోనే.

ఇంకో గుంట ఉంది, చాలామంది పడేది. 32 బిట్ విండోస్ 7. ఎన్‌విడియా 390 వరస తర్వాత 32 బిట్ డ్రైవర్లు ఆపేసింది, అది 2018. జీటీఎక్స్ 1650 వచ్చింది 2019లో. అంటే ఆ ల్యాబ్ క్యాప్చర్ కార్డుకు 32 బిట్ డ్రైవరే ఉండి ఉంటే, నేను చెప్పిన మందు ఏదీ పనిచేసేది కాదు. కార్డే మార్చాల్సి వచ్చేది. విండోస్ 7 అని ఒక్క మాటలో అంటాం గానీ, ఏ బిట్ అన్నది ముందే అడగండి.

ఇక గ్రాఫిక్స్ దాకా రాకముందే ఆగిపోయేవాళ్లు ఉన్నారు. రామాయణంలో పిడకల వేటలా అనిపిస్తుంది గానీ చెప్పకపోతే తప్పు. కొత్త బోర్డులో విండోస్ 7 సెటప్ మొదలవుతుంది, భాష ఎంచుకోమంటుంది, కీబోర్డు మౌస్ రెండూ కదలవు. యూఎస్‌బీ 3 కంట్రోలర్ డ్రైవర్ విండోస్ 7లో లేదు, స్కైలేక్ నుంచి ఇంటెల్ బోర్డుల్లో పాత యూఎస్‌బీ 2 కంట్రోలర్ తీసేశారు. ఎన్‌వీఎంఈ అనే కొత్త రకం వేగపు డిస్క్ అయితే అదీ కనపడదు, దానికి కేబీ2990941 కావాలి. ఇవన్నీ ఇన్‌స్టలేషన్ ఇమేజ్‌లో ముందే కలుపుకోవాలి. ఇక స్టార్టింగ్ విండోస్ అని నాలుగు రంగుల ముద్ద దగ్గర బిగుసుకుపోతే, అది మాత్రం మన విషయమే. విండోస్ 7 తన కనీసపు వీజీఏ డ్రైవర్‌తో బొమ్మ చూపడానికి పాతకాలపు బయోస్ సేవను పిలుస్తుంది. ఇంట్ 10 అంటారు. పాత బయోస్ స్థానంలో వచ్చిన యూఈఎఫ్‌ఐ మాత్రమే ఉన్న బోర్డులో ఆ సేవ ఉండదు. బయోస్ సెటప్‌లోకి వెళ్లి సెక్యూర్ బూట్ తీసేసి, పాత బయోస్ సేవలను అందించే సీఎస్‌ఎం అనేది ఆన్ చేయాలి. కొన్ని కొత్త బోర్డుల్లో సీఎస్‌ఎం లేనే లేదు. అలాంటి బోర్డుకు యూఈఎఫ్‌ఐసెవెన్ అనే చిన్న లోడర్ ఉంది, ఆ సేవను నటించి చూపిస్తుంది. కానీ యంత్రాన్ని నమ్ముకున్న పనికి నేనైతే సీఎస్‌ఎం ఉన్న బోర్డే వెతకమంటాను.

ఇంతసేపూ కార్డు చేతికొచ్చాక ఏం చేయాలో మాట్లాడాం. ఇంకా కొనలేదంటే పని చాలా తేలిక. వెనక నుంచి ముందుకు రండి. నా ఆపరేటింగ్ సిస్టమ్‌కు వచ్చిన చివరి డ్రైవర్ ఏది? అది గుర్తించే చివరి కార్డు ఏది? అంతకు మించి కొనకండి. ఎక్స్‌పీకి ఎన్‌విడియా చివరి డ్రైవర్ 368.81, 2016 జులైది, దానికి తెలిసినవాటిలో జీటీఎక్స్ 960 ఉంది. ఎక్స్‌పీకి అది చాలు, చాలనే కాదు, ఎక్కువే. విండోస్ 7, 64 బిట్‌కు ఆర్‌టీఎక్స్ 3000 వరస దాకా ఉంది. ఏఎండీలో ఆర్‌ఎక్స్ 500 వరస నిశ్చింతగా నడుస్తుంది. లోపలి గ్రాఫిక్స్ మీదే ఆధారపడితే ఇంటెల్ 6వ తరం దగ్గర ఆగండి. కొత్తది కదా మంచిదే అయ్యుంటుంది అనుకోవడం మన అలవాటు, ఇక్కడ ఆ అలవాటు అసలుకే ఎసరు పెడుతుంది.

లినక్స్ వాళ్లు ఓపిగ్గా కూర్చున్నారు, వాళ్లకు కూడా చెప్పాలి. కథ అదే, పాత్రలు వేరు. అక్కడ డ్రైవర్ ఒక చోట ఉండదు, మూడు ముక్కలుగా ఉంటుంది. కెర్నల్‌లో ఒకటి, ప్రోగ్రామ్‌ల తరఫున బొమ్మ గీయించే మీసా అనే లైబ్రరీలో ఒకటి, ఫర్మ్‌వేర్ ఫైళ్లు ఒకటి. మూడూ ఆ చిప్ తెలిసినవై ఉండాలి. డెబియన్ 11 అనే లినక్స్ తీసుకోండి, కెర్నల్ 5.10, మీసా 20.3. అందులో 2022 డిసెంబర్‌లో వచ్చిన ఏఎండీ కార్డు ఆర్‌ఎక్స్ 7900 పెడితే? స్క్రీన్ వస్తుంది. వచ్చింది కదా అని మోసపోకండి. అది యూఈఎఫ్‌ఐ ఇచ్చిపోయిన బొమ్మ. గ్లక్స్‌ఇన్ఫో అనే కమాండ్ కొట్టి చూస్తే రెండరర్ దగ్గర ఎల్‌ఎల్‌వీఎంపైప్ అని ఉంటుంది, అంటే బొమ్మ గీసేది కార్డు కాదు, పాపం ప్రాసెసర్. కార్డుల జాబితా చూపే ఎల్‌ఎస్‌పీసీఐ కమాండ్‌లో కార్డు పేరుకు బదులు డివైస్ 744సీ అని ఉంటుంది. దాన్ని చూసి కంగారుపడకండి, అది పేర్ల పట్టిక పాతబడటం మాత్రమే, పట్టిక సరిచేస్తే పేరు వస్తుంది గానీ డ్రైవర్ రాదు.

పాత డెబియన్‌కు కొత్త ప్యాకేజీలు ఇచ్చే బ్యాక్‌పోర్ట్స్ నుంచి లినక్స్ 6.1 కెర్నల్ వేశారనుకోండి. ఇప్పుడు డీమెసేజ్, అంటే కెర్నల్ రాసుకునే సందేశాలు, చదవండి. ఫర్మ్‌వేర్ లోడ్ విఫలమైంది, ఎర్రర్ మైనస్ 2 అని ఉందా? మైనస్ 2 అంటే ఫైల్ లేదని. చిప్ చెడిపోయిందని కాదు. ఆ లైన్‌లోనే ఫైల్ పేరు కూడా ఉంటుంది, ఫర్మ్‌వేర్ ప్యాకేజీ కొత్తది తెచ్చుకుంటే సరిపోతుంది. ఇక మీసా. అదే కష్టం, ఎందుకంటే అది ఎల్‌ఎల్‌వీఎం లాంటి మిగతా లైబ్రరీలతో పీటముడి పడి ఉంటుంది. మీకు కావలసిన ప్రోగ్రామ్ ఫ్లాట్‌ప్యాక్‌లో, అంటే తనకు కావలసిన లైబ్రరీలతో కలిపి వచ్చే ప్యాకేజీగా, దొరికితే అది తన మీసాను తానే తెచ్చుకుంటుంది, సిస్టమ్ మీసాను కదపక్కర్లేదు. ఈ మార్గం ఉందని చాలామందికి తెలియదు.

ఇంకొక్క మాట చెప్పి ఆపుతాను, ఇది నాకు చాలా ముఖ్యం. ఇలాంటి పని చేసేటప్పుడు ఎవరో దిద్దిపెట్టిన రెడీమేడ్ డ్రైవర్లు దొరుకుతాయి. దించకండి. గ్రాఫిక్స్ డ్రైవర్ కెర్నల్‌లో నడుస్తుంది, కెర్నల్‌లో నడిచేదానికి మెషీన్‌లో అడ్డు లేదు. అధికారిక ప్యాకేజీ మీరే దించి, మీరే విప్పి, మీరే ఒక లైన్ రాయండి. ఎలా రాయాలో ఇందాక చూశారు, ఐదు నిమిషాల పని. మొదలుపెట్టే ముందు డిస్క్ మొత్తానికి ఇమేజ్ తీసి పక్కన పెట్టండి. ఒక డ్రైవర్ మీద ఇంకోటి ఎక్కిస్తూ పోకండి, సేఫ్ మోడ్‌లో పాతది పూర్తిగా తీసి అప్పుడు కొత్తది. మెషీన్ నడిచాక నెట్ కేబుల్ తీసేయండి. ఆ ల్యాబ్ మెషీన్‌కు నెట్ లేదు, ఫొటోలు పెన్ డ్రైవ్‌లో వెళతాయి. వాళ్లకు అలవాటైపోయింది.

మెషీన్లు తెచ్చినవాళ్లు పక్క గదిలో బల్లల దగ్గర పెట్టారు. నేను అక్కడే ఉంటాను. నా దగ్గరకు వచ్చేటప్పుడు ఒక కాగితం మీద మూడు విషయాలు రాసుకుని రండి. డివైస్ మేనేజర్‌లో కోడ్ నంబర్ ఎంత, హార్డ్‌వేర్ ఐడీ మొదటి లైన్ ఏమిటి, విండోస్ ఎన్ని బిట్లది. లినక్స్ అయితే డీమెసేజ్‌లో ఎర్రర్ ఉన్న లైన్ పూర్తిగా రాయండి, ఎర్రర్ వచ్చింది అని మాత్రమే కాదు. ముందుగా ఆ నీలం చొక్కా అబ్బాయి, నువ్వు రా. ఇందాకటి నుంచి ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని చూస్తున్నావు, నీది కోడ్ 43 అన్నావు కదా, దాన్నే మొదట తెరుద్దాం.